బరంపురం గోతాల కొట్టు: సరుక్కి నాలుగు చుక్కలు, ఆ పదిహేడు గోతాలకి సున్నా

మాది పర్లాకిమిడి. జీడిపిక్కలు, చింతపండు, రాగులు కొని పైకి పంపుతుంటాను. ఇరవై రెండేళ్ల వ్యాపారంలో నేను ఎక్కువసార్లు బేరమాడిన సరుకు ఈ మూడింట్లో ఏదీ కాదు, గోతం. పిక్క ధర సీజనుకోసారి తేలుతుంది. గోతం ధర మాత్రం వెళ్ళినప్పుడల్లా కొత్తే. అందుకే బరంపురం బడాబజారు వైపు నేను ఎప్పుడూ కొనే గోనె సంచుల కొట్టు గురించి రాద్దామని కూర్చున్నాను. కొట్టు పేరు రాయను. వాళ్ళతో నాకో తగువుంది, అది ఇంకా తేలలేదు. తేలకుండానే పేరు పెట్టి బజారుకీడిస్తే రేపు ఆ గుమ్మం ఎలా ఎక్కుతాను?

సరుకు నాణ్యానికి ఐదులో నాలుగు. లెక్కకి ఐదుకి ఐదు. మాట తీరుకి మూడు. తగువు తీర్చడానికి సున్నా. సగటు మీరే చూసుకోండి. ధర గురించి మాత్రం చుక్కలు వెయ్యను. మా వీధి వర్తకులు ఈమధ్య ఆ సావుకారు పేరెత్తితే చాలు, గోతానికి ఎనిమిది పెంచాడు, పద్దెనిమిది పెంచాడు అని తిట్టిపోస్తున్నారు. ఆ తిట్లలో కొట్టుకి చెందేవి కొన్ని, చెందనివి ఎక్కువ. ఇది రాయడానికి అసలు కారణం అదే.

కొట్టు ముందు నుంచి చూస్తే రెండు తలుపుల వెడల్పు, అంతే. లోపలికి వెళ్తే గొట్టంలా సాగుతూనే ఉంటుంది, పైన అటక. ఎడమవైపు కొత్త గోతాల బేళ్ళు, కుడివైపు ఒకసారి వాడినవి పాతిక పాతికగా కట్టిన కట్టలు. మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నడిచే దారి. గుమ్మంలోనే వాసన పలకరిస్తుంది. మిల్లులో నారని మెత్తబరచడానికి నూనె పట్టిస్తారు. పాతకాలం నూనె పట్టిన గోతం మట్టినూనె వాసనొస్తుంది, తవుడు నూనె పట్టినది రాదు. తిండిగింజలకి రెండోదే కొనాలి. ఈ తేడా నాకు మొదట చెప్పింది ఈ సావుకారే. అడక్కుండా చెప్పాడు. అప్పటికి నేను మట్టినూనె వాసన గోతాలే వంద ఏరి పక్కన పెట్టుకున్నాను, చవగ్గా వస్తున్నాయి కదా అని. "రాగులు పోస్తావేటి బాబూ వీట్లో? తిన్నోడు నిన్ను కాదు, నన్ను తిడతాడు" అని ఆ వంద గోతాలూ నా చేతిలోంచి లాక్కున్నాడు. ఆ రోజు నుంచి వేరే కొట్టు ఎక్కలేదు.

కొత్త గోతం కొనేటప్పుడు అక్కడ ఏం చెయ్యాలో చెప్తాను, వేరే చోట కొన్నా పనికొస్తుంది. యాభై కిలోల గోతం తూకం 580 గ్రాములుండాలి. ఒక్కదాన్ని తూచితే ఏమీ తెలీదు. పది కలిపి కాటా మీద వేయించండి, 5 కిలోల 800 గ్రాములు రావాలి. వాన రోజుల్లో ఎక్కువొస్తుంది, అది నారకాదు, నీళ్ళు. అరచెయ్యి లోపల పెట్టి గోతాన్ని వెలుగు వైపు పట్టుకోండి. వేళ్ళు వేళ్ళుగా కనిపిస్తే నేత పలచన. అడుగు కుట్టు దగ్గర రెండు బొటనవేళ్ళు పెట్టి ఎడంగా లాగండి, దారం కిర్రుమనాలి గాని జరగకూడదు. వేరే కొట్లలో ఇవన్నీ చేస్తుంటే మొహం మాడ్చుకుంటారు. ఈయన కుర్చీ వేస్తాడు. బేలుకి ఐదువందలని రాసుంటుంది కదా అని వదిలెయ్యకుండా, విప్పి లెక్కపెట్టుకోమంటాడు. ఇరవై రెండేళ్లలో నాకు తక్కువొచ్చింది ఒకే ఒక్కసారి, అదీ మూడు గోతాలు. అప్పటికప్పుడు ఇచ్చేశాడు.

గోడ మీద మాత్రం ఒక పలక ఉంటుంది, పైన ఒడియాలో, కింద తెలుగులో: "సరుకు చూసుకుని పట్టుకెళ్ళవలెను. తరవాత తగువు చెల్లదు." ఈ పలక సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక ధర. 2025 ఏప్రిల్లో చింతపండుకని వెళ్ళినప్పుడు వాడిన గోతం 31, కొత్తది 74. దసరా ముందు వెళ్తే వాడినది 39, కొత్తది 92. నాతో మా మేనల్లుడు కూడా వచ్చాడు. బీకాం చదివి నా దగ్గరే లెక్కలు చూస్తున్నాడు, ఫోనులో ఏ గెజిట్ కాగితమైనా నిమిషంలో తీస్తాడు. నేను ధర విని లేచి నిలబడిపోయాను. సావుకారు ఏమీ అనకుండా అటక మీంచి రెండు గోతాలు దింపించి నా ఒళ్ళో వేశాడు. ఒకటి మన హుగ్లీ మిల్లుది. రెండోదాని మూల మీద బంగ్లాదేశ్ అని ముద్ర.

రెండూ పక్కపక్కన పెట్టుకుంటే కళ్ళు మూసుకున్నా చెప్పొచ్చు. బంగ్లా గోతం నార పొడుగు, రంగు పండిన వరిగడ్డిలా ఉంటుంది, ముఖానికి రాసుకున్నా గీరుకోదు. మనది కాస్త బిరుసు, ముదురు. సరుకు మొయ్యడంలో రెండూ ఒకటే అనుకోండి. కానీ వాడిన గోతంగా మళ్ళీ అమ్మేటప్పుడు బంగ్లాది రెండు రూపాయలు ఎక్కువ పలుకుతుంది. మూడోసారి కూడా పనికొస్తుంది కాబట్టి.

"ఇవి అటక మీదున్నవే ఆఖరు బాబూ" అన్నాడు. "ఇంక రోడ్డు మీద రావు. రేవు మీద రావాల. ఏ రేవో తెలుసా? బొంబాయి పక్కది."

నేను నమ్మలేదు. మేనల్లుడు తీశాడు. నిజమే. 2025 జూన్ 27న జనపనార, దాని నూలు, కొన్ని రకాల గుడ్డ బంగ్లాదేశ్ నుంచి సరిహద్దు రోడ్ల మీదుగా రాకూడదని మన ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆగస్టు 11న ఆ జాబితాలోకి గోనె సంచులు, పురికొసలు, తాళ్ళు కూడా చేర్చింది. రావాలంటే బొంబాయి పక్కనున్న న్హావా షేవా రేవు ఒక్కటే దారి. కలకత్తా నుంచి బరంపురానికి రైల్లో దాదాపు 600 కిలోమీటర్లు. సరిహద్దులో వాళ్ళ వైపు బెనాపోల్ గేటు దాటి మన వైపు పెట్రాపోల్లో దిగిన లారీ మర్నాటికో ఆ మర్నాటికో ఇక్కడుండేది. ఇప్పుడదే గోతం ఓడెక్కి, దేశమంతా చుట్టి పడమటి ఒడ్డున దిగి, మళ్ళీ తూర్పు ఒడ్డుకి రావాలి. గోతం విలువెంత, అది చేసే యాత్రెంత! ఎవడు తెస్తాడు? రావొద్దని నోటితో అనకుండా రాకుండా చెయ్యడమే ఇది.

ఇదంతా ఒక్కసారిగా వచ్చిన గొడవ కాదు. ఆ ఏప్రిల్లో మన నూలు తమ భూమార్గాల్లో రాకూడదని వాళ్ళన్నారు. మేలో వాళ్ళ రెడీమేడ్ బట్టలకి మనం రోడ్డు మూశాం. ఆ తరవాత గోతాల వంతు. పక్కపక్క ఇళ్ళవాళ్ళు గొడవపడి ఒకడు కాలవ మూసేస్తే రెండోవాడు దారిలో కంప కొట్టినట్టుంది.

గోతాల మీద దేశాల అసలు తగువు ఇంకా పాతది. అది 2017లో మొదలైంది. నాకు ఆ ఏడాది బాగా గుర్తుండడానికి వేరే కారణం ఉంది. మా ఊరి నుంచి బరంపురం వెళ్ళాలంటే నేను ఒడిశాలో బయల్దేరి, పాతపట్నం దగ్గర ఆంధ్రాలో అడుగుపెట్టి, టెక్కలి, పలాస దాటి, ఇచ్ఛాపురంలో టీ తాగి, గిరిసోల దగ్గర మళ్ళీ ఒడిశాలో దిగుతాను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చేదాకా గిరిసోల చెక్‌గేటు దగ్గర నేను గడిపిన రాత్రులు లెక్కపెడితే ఒక చాతుర్మాస్యం అవుతుంది. సొంత దేశంలో, సొంత భాష మాట్లాడే ఊళ్ళ మధ్య, నా గోతాలకి రెండుసార్లు కాగితాలు. ఆ గేటు ఎత్తేసిన రోజు డ్రైవరు హారన్ కొడుతూనే దాటాడు. సరిగ్గా ఆ ఏడాదే, జనవరి 5న, బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వచ్చే జనపనార నూలు, గుడ్డ, గోతాల మీద దిల్లీ యాంటీ డంపింగ్ సుంకం వేసింది, అంటే తమ దేశంలో అమ్మే ధరకన్నా తక్కువకి ఇక్కడ పోస్తున్నారని వేసే అదనపు సుంకం. టన్నుకి 352 డాలర్ల దాకా, సరుకును బట్టి, మిల్లును బట్టి. ఐదేళ్లకని వేసినది, 2022 డిసెంబరు ఆఖర్లో ఇంకో ఐదేళ్లు పొడిగించారు. ఒక గోడ కూలిన ఏడే ఇంకో గోడ లేచింది. కూలినదాని సంబరంలో లేచినదాన్ని నేను చూడలేదు.

మేనల్లుడు కాగితం మీద గోతానికి ఎంత పడుతుందో లెక్క కట్టాడు. టన్నుకి 580 గ్రాముల గోతాలు 1,724 వస్తాయి. టన్నుకి వంద డాలర్ల సుంకం అనుకుంటే గోతానికి దాదాపు ఐదు రూపాయలు. సావుకారు చూసి, "రసీదు లేకండా అయిదు రూపాయలు నాను ఎన్నేళ్ల బట్టి కట్టుకుంటన్నాను చూడు" అన్నాడు. కట్టింది ఆయనేం కాదు, నేను! కానీ ఆ మాట అప్పుడనలేదు.

ఇందులో తమాషా ఏమిటంటే, మామూలు సుంకం లెక్కలో ఆ గోతానికి సున్నా. సాఫ్టా అని దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఒకటుంది. 2004 జనవరి 6న ఇస్లామాబాదులో సంతకాలయ్యాయి, 2006 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. దాని కింద బాగా వెనకబడిన దేశాలకి 2011లో మనం తలుపులు బార్లా తీశాం. సారా, పొగాకు లాంటి 25 రకాలు తప్ప మిగతావన్నీ సుంకం లేకుండా రావచ్చన్నాం. బంగ్లాదేశ్ అప్పుడు ఆ వెనకబడిన దేశాల్లోదే. అంటే ముందు తలుపు తెరిచి, గుమ్మం లోపల ఇంకో తలుపు పెట్టినట్టు. సావుకారు దాన్ని తన భాషలో చెప్పాడు: "సుంకం లేదని ఒక కాగితం, సుంకం కట్టమని ఒక కాగితం. రెండింటి మీదా ఒకే సింహాల ముద్ర."

నేను బంగ్లాదేశ్ తరఫున మాట్లాడుతున్నాననుకోకండి. మా నాన్న కాశీనగరం దగ్గర వంశధార ఒడ్డున గోగు వేసేవాడు. జనపనారకి తమ్ముడు లాంటిది గోగునార, కాస్త ముతక, గోతాలకి కలుపుతారు. కోసిన కట్టలు చెరువులో ఊరబెట్టేవాళ్ళు, పైన మట్టిపెళ్ళలు బరువు పెట్టి. పదిహేను, ఇరవై రోజులకి తొక్క కుళ్ళి నార ఊడొచ్చేది. మోకాళ్ళ లోతు నల్లటి నీళ్ళలో నిలబడి మా అమ్మ నార దులిపేది, ఆ వాసన వారం రోజులు ఆమె జుట్టులోంచి పోయేది కాదు. అన్నం కలిపి పెడితే మేం చెయ్యి వాసన చూసి మొహం తిప్పుకునేవాళ్ళం. ఆ నార చిట్టివలస, విజయనగరం వైపు మిల్లులకి వెళ్ళేది. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, గోగు చేలల్లో సరుగుడు తోటలు లేచాయి. ఇప్పుడు మా చెరువులో నార ఊరబెట్టేవాడు ఒక్కడూ లేడు. ఆ మిల్లుల్లో పనిచేసినవాడెవడైనా బంగ్లా గోతం మీద సుంకం వెయ్యాలంటే, వద్దని ఎలా అంటాను?

మన మిల్లులవాళ్ళ వాదన ఇదీ: బంగ్లాదేశ్ ప్రభుత్వం జనపనార సరుకు ఎగుమతిచేసేవాళ్ళకి నగదు ప్రోత్సాహం ఇస్తుంది, ఆ బలంతో వాళ్ళు తమ దేశంలో అమ్మే ధరకన్నా తక్కువకి ఇక్కడ పోస్తున్నారు. వాళ్ళ జవాబు: ప్రోత్సాహం వేరు, తక్కువకి పొయ్యడం వేరు, మీ లెక్కే తప్పు. నిజానికి వ్యాపార సూత్రాల్లో ఈ రెండూ వేరువేరు నేరాలే, వేరువేరు సుంకాలే. సర్కారు డబ్బిస్తే దానికి విరుగుడు సుంకం వేరే ఉంది. పైగా తిండిగింజలు గోనెలోనే నింపాలని 1987 నుంచి మనకో చట్టం ఉంది, కాబట్టి మన మిల్లులకి సర్కారు బేరం ఎటూ పోదు. అటువైపు చూస్తే, ధర పెరిగినప్పుడు ముడి జనపనార ఇటు రాకుండా వాళ్ళూ ఆపిన సందర్భాలున్నాయి, 2015 ఆఖర్లో ఆపారు. ఇద్దరి చేతికీ మట్టి ఉంది.

ఇక్కడ మేనల్లుడు ఒక సంగతి చదివి వినిపించాడు, దానికి మాత్రం నాకు నవ్వాగలేదు. సాఫ్టా ఒప్పందంలో తగువులు తీర్చడానికే ఒక అధికరణం ఉంది, 20వది. ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. తేలకపోతే నిపుణుల కమిటీ చూడాలి. అదీ నచ్చకపోతే మంత్రుల మండలికి వెళ్ళాలి. గడువులన్నీ రోజుల్లో రాసున్నాయి. ఇంతకుముందే 11వ అధికరణంలో ఇంకో మాట: బాగా వెనకబడిన దేశం సరుకు మీద యాంటీ డంపింగ్ సుంకం వెయ్యాలనుకుంటే, వాళ్ళ పరిస్థితిని ప్రత్యేకంగా పట్టించుకోవాలి, సంప్రదింపులకి అవకాశం ఇవ్వాలి. అంత ముచ్చటగా రాసుకున్నారు!

"మరయితే ఆ కమిటీకి పోవచ్చు గదా?" అన్నాడు సావుకారు.

"ఆ ఇల్లు తాళం వేసుంది తాతా" అన్నాడు మావాడు. సాఫ్టా పుట్టింది సార్క్ అనే దక్షిణాసియా దేశాల కూటమిలో, ఆ దేశాధినేతలు ఆఖరుసారి కూర్చున్నది 2014లో, ఖాట్మండూలో. 2016లో ఇస్లామాబాదులో జరగాల్సిన సభ ఉరీ దాడి తరవాత ఆగిపోయింది. ఆ తరవాత లేదు. మనకీ పాకిస్తానుకీ మాటల్లేకపోతే ఢాకా గోతం గొడవ కూడా ఆ తాళంలోనే ఉండిపోయింది.

పెద్ద కోర్టుకి వెళ్తే పని జరుగుతుందని బంగ్లాదేశ్‌కి తెలుసు కూడా. వాళ్ళ బ్యాటరీల మీద మనం ఇలాంటి సుంకమే వేస్తే, 2004లో తిన్నగా డబ్ల్యూటీఓ, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థ గడప ఎక్కారు. అంత బీద దేశం అక్కడ కేసు పెట్టడం అదే మొదటిసారి. తీర్పుదాకా పోలేదు, మరుసటి ఏడే మనం సుంకం ఎత్తేశాం, 2006లో ఇద్దరూ కలిసి తేలిపోయిందని రాసిచ్చారు. చూడండి, ఊళ్ళో పంచాయతీ అరుగుండగా జిల్లా కోర్టులో తేలింది. గోతాల విషయంలో మాత్రం అటూ వెళ్ళలేదు, ఇటూ తేలలేదు. 2026 నవంబరు 24న బంగ్లాదేశ్ ఆ వెనకబడిన దేశాల జాబితాలోంచి బయటికి రావాలని గడువు పెట్టారు. వస్తే, సున్నా సుంకం మాటే మళ్ళీ మొదటికొస్తుంది. నేపాల్‌ది మనతో విడి ఒప్పందం, కానీ గోతానికి అక్కడా యాంటీ డంపింగ్ సుంకం ఉంది.

ఇప్పుడు కొట్టు మీద నా అసలు ఫిర్యాదుల్లో మొదటిది. ఇంత కథా విన్నాక నేను మెల్లిగా అడిగాను: "సావుకారు గారూ, అటక మీది బంగ్లా గోతాలు ఆగస్టు ముందు కొన్నవే కదా? పాత ధరకి తెచ్చినవి కొత్త ధరకి ఎలా అమ్ముతారు?" ఆయన గుమాస్తా వైపు చూశాడు, గుమాస్తా ఫ్యాను వైపు చూశాడు. తరవాత సావుకారు ఎదురడిగాడు: "నువ్వు మొన్న పిక్కలు ధర లేచినాక, గోదాంలో ఉన్నవి ఏ ధరకి అమ్మినావు బాబూ?" నా దగ్గర జవాబు లేదు. బంగ్లా గోతాలు రెండొందలు తీసుకున్నాను, 92కే. మావాడు దారిపొడవునా నవ్వుతూనే ఉన్నాడు. కాబట్టి మా వీధివాళ్ళకి నేను చెప్పేదేమిటంటే, పద్దెనిమిది రూపాయల పెంపులో సావుకారు జేబులోకి పోయింది ఎంతో కొంత ఉంది, లేదనను. మిగతాది ఆయన చేతిలో లేదు. ఆయన్ని తిడితే తగ్గదు.

రెండో ఫిర్యాదు, నా సొంత తగువు. ఇదీ 2025 ఏప్రిల్లోనిదే.

వాడిన గోతాలు నాలుగొందలు కొన్నాను. ఇంటికి తెచ్చి చింతపండు నింపుతుంటే మా ఆవిడ ముక్కు మూసుకుని వచ్చింది. "గోపాల్‌పూర్ నుంచి తెచ్చారా ఏమిటి?" అంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండుచేపలు. సముద్రపొడ్డు ఊళ్ళ నుంచి ఎండుచేపలొచ్చిన గోతాలు కట్టల మధ్యలో కలిసిపోయాయి. పైకి చూస్తే తేడా లేదు, దులిపి, ఎండబెట్టి, మడతలు సరిచేసి కట్టారు. ఏరితే మొత్తం ముప్పై ఏడు. వాటిలో ఇరవై ఖాళీవి, పదిహేడింట్లో అప్పటికే చింతపండు పడిపోయింది. అదీ విజయనగరం పార్టీకి ఒప్పుకున్న సరుకు. వాళ్ళు గోతం విప్పగానే లారీ వెనక్కి తిప్పేశారు. చింతపండులో చేపల వాసన పులుసులో బాగుంటుంది గాని బస్తాలో బాగుండదు.

సావుకారు ఖాళీవి ఇరవై కిక్కురుమనకుండా మార్చాడు. నింపిన పదిహేడింటి దగ్గర పలక చూపించాడు. చూసుకుని పట్టుకెళ్ళవలెను, తరవాత తగువు చెల్లదు. నేనన్నాను, చూసుకోమన్నారు, వాసన చూసుకోమనలేదు. ఆ రోజు పక్క కొట్టులో నూనె వ్యాపారం చేసే పెద్దాయన, మా ఇద్దరికీ కావలసినవాడు, మధ్యన కూర్చున్నాడు. చెరిసగం అన్నాడు. ఇద్దరం తలూపాం. పదిహేడులో సగం ఎంత? ఎనిమిదిన్నర! సావుకారు ఎనిమిది అన్నాడు, నేను తొమ్మిది అన్నాను. పెద్దాయన తల పట్టుకున్నాడు. సరే డబ్బు లెక్కన ఇమ్మంటే, ఏ ధరకి అని ఇంకో తగువు: కొన్నప్పటి 31కా, ఇప్పటిదానికా? ఏప్రిల్లోనే తేలి ఉంటే ఈ ప్రశ్నే ఉండేది కాదు. దసరాకి వెళ్ళేసరికి 39 అయింది, గోతానికి ఎనిమిది తేడా వచ్చింది. తగువు ముదిరేకొద్దీ దాని ఖరీదు కూడా పెరుగుతుందని అప్పుడు తెలిసింది.

బిల్లు వెనక గుమాస్తా పెన్సిలుతో రాశాడు: "17, తరవాత." నేను వెళ్ళినప్పుడల్లా ఆ బిల్లు తీసి చూపిస్తాను. గుమాస్తా ఒడియావాడు, మంచి మనిషి, ఒకటే మాటంటాడు: "హెబ, హెబ." అవుతుందిలే అని. ఆ మాటలో ఎంత హాయి ఉందంటే, వినగానే అయిపోయినట్టే ఉంటుంది. ఇచ్ఛాపురం దాటాక గాని అవలేదని గుర్తురాదు. ఇప్పటికి మూడు హెబలయ్యాయి. పెన్సిలు రాత చెరిగిపోతోందని మావాడు ఫోనులో ఫొటో తీసి పెట్టాడు.

ఇంత తగువున్నా మళ్ళీ అక్కడికే ఎందుకు వెళ్తున్నావని అడుగుతారు. ఆయన ఆ బిల్లు చూపిస్తే మొహం తిప్పుకోడు, కుర్చీ వేస్తాడు, టీ చెప్తాడు. బంగ్లా గోతాన్ని హుగ్లీ గోతమని అంటగట్టడు. మట్టినూనె గోతం రాగులకి అమ్మడు. తెలిసి మోసం చేసినవాడు కాదు, తెలియక జరిగినదాన్ని ఒప్పుకోడానికి బెట్టు చేస్తున్నవాడు. అలాంటివాళ్ళతో నేను మా ఇంట్లోనే ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తున్నాను. (మా ఆవిడ ఇది చదవదు, ఒడియా బడిలో చదువుకుంది.)

వెళ్ళేవాళ్ళకి రెండు మూడు ముక్కలు. పొద్దున తొమ్మిదిన్నరకి తీస్తాడు, ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూత. గురువారం సాయంత్రం పూజ, ఆ గంటలో బేరం ఆడడు. లారీ సందులోకి రాదు, తోపుడు బండికి కట్ట చొప్పున వేరే ఇచ్చుకోవాలి, అది ముందే మాట్లాడుకోండి. వాడిన గోతాలకైతే దబ్బనం, పురికొస మీరే తెచ్చుకోండి, చిల్లులున్నవి అక్కడే కుట్టించుకుంటే రూపాయి తగ్గిస్తాడు. తూకం, వెలుగు, కుట్టు అన్నీ చూశాక, ప్రతి కట్టలోంచీ మధ్యది ఒకటి లాగి ముక్కు దగ్గర పెట్టుకోండి. నేను మొన్న అలా చేస్తుంటే గుమాస్తా నవ్వాడు. సావుకారు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని పలక వైపు చూస్తూ, "దీని కింద వాసన అని కూడా రాయించాలేటి?" అన్నాడు. రాయించమన్నాను. హెబ అన్నాడు.